మౌస్ మొరాయిస్తే ముందు ఏం చూడాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి మీ ఉత్తరాల్లో ఎక్కువగా మౌస్ బాధలే ఉన్నాయి, అందుకని మిగతా ప్రశ్నల్ని పై సంచికకు ఉంచి వీటికే చోటిస్తున్నాం. జవాబుల్లోకి వెళ్ళే ముందు అందరికీ కలిపి ఒక మాట. మౌస్ సరిగా పనిచేయడం లేదంటే తప్పు మౌస్‌లో ఉండొచ్చు, కంప్యూటర్‌లో ఉండొచ్చు, ఆ రెండింటినీ కలిపే వైరులోనో, వైర్‌లెస్ మౌస్ అయితే కంప్యూటర్‌కి తగిలించే బుల్లి రిసీవర్‌లోనో ఉండొచ్చు. అదెక్కడుందో తేల్చుకోకుండా ఏం చేసినా చీకట్లో రాయి విసిరినట్టే. తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. మీ మౌస్‌ని తెలిసినవాళ్ళ కంప్యూటర్‌కి తగిలించి చూడండి, వాళ్ళ మౌస్‌ని మీ కంప్యూటర్‌కి తగిలించి చూడండి. జబ్బు మౌస్ వెంట వెళ్ళిందంటే మౌస్‌దే తప్పు, మీ కంప్యూటర్ దగ్గరే ఆగిందంటే కంప్యూటర్‌ది. ఇంత చిన్న పని వదిలేసి చాలామంది నెట్‌లో కనిపించిన 'డ్రైవర్ అప్‌డేటర్' ఏదో ఒకటి దించుకుంటున్నారు, దయచేసి ఆ పని చేయకండి. మామూలు మౌస్‌కి కావాల్సిన డ్రైవర్, అంటే మౌస్ చెప్పేది కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చేసే ప్రోగ్రామ్, విండోస్‌లోనే ఉంటుంది, ఆ ఉచిత సాఫ్ట్‌వేర్లతో కొత్త తలనొప్పులు వచ్చిపడటమే తప్ప మౌస్ బాగుపడదు.

ప్రశ్న: నేను డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, అన్నీ పేజ్‌మేకర్‌లోనే చేస్తాం. కొన్నాళ్ళుగా మౌస్ ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు పడుతోంది. ఫోల్డర్ మీద ఒక్క క్లిక్ చేసినా తెరుచుకుంటోంది. ఫొటో పట్టుకుని లాగుతుంటే మధ్యలోనే వదిలేస్తోంది. వైరస్ అన్నారని విండోస్ మళ్ళీ వేయించాను, తేడా లేదు. పెళ్ళిళ్ళ సీజన్ కదా, చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
(ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: వైరస్ కాదండీ, మీరు చెప్పిన లక్షణాలన్నీ ఎడమ బటన్ కింద ఉండే స్విచ్చి అరిగిపోయినప్పుడు వచ్చేవే. విండోస్ మళ్ళీ వేసినా మారలేదన్నారంటే ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

మౌస్ బటన్ కింద చిన్న నల్లటి డబ్బాలాంటి మైక్రోస్విచ్ ఉంటుంది, మూడు కాళ్ళతో బోర్డుకి టంకం పెట్టి ఉంటుంది. దాని లోపల పల్చటి రాగి రేకు స్ప్రింగులా వంగి ఉంటుంది. మీరు బటన్ నొక్కగానే ఆ రేకు టక్కున కిందికి వెళ్ళి ఇంకో లోహపు ముక్కని తాకుతుంది. మనకి వినపడే 'టిక్' అదే. తాకిన రేకు ఒక్కసారికే కుదురుకోదు, సెకనులో వెయ్యో వంతు లెక్కన కాసేపు ఎగిరెగిరి పడుతుంది. ఈ ఎగుళ్ళని లెక్కలోకి తీసుకోకుండా మౌస్‌లోని చిప్ కొన్ని మిల్లీసెకన్లు ఆగి చూసుకుంటుంది, అందుకే కొత్త మౌస్‌లో మనకేమీ తెలియదు. వాడగా వాడగా రేకులో బిగువు తగ్గుతుంది, తాకే చోట మురికి, చిలుము పడతాయి, దాంతో ఎగుళ్ళు చిప్ ఆగే సమయాన్ని దాటిపోతాయి. అప్పుడు చిప్ దాన్ని రెండో నొక్కుడుగా లెక్కేసి కంప్యూటర్‌కి పంపేస్తుంది. విండోస్‌లో మామూలుగా అర సెకను లోపల రెండు క్లిక్కులు వస్తే డబుల్ క్లిక్ కింద లెక్క, అంటే మీ ఫోల్డర్ తెరుచుకోవడంలో కంప్యూటర్ తప్పేమీ లేదు. ఫొటో లాగుతుంటే జారిపోవడం కూడా ఇందుకే. బటన్ మీద మీ వేలు అలాగే ఉన్నా లోపల రేకు ఒక్క క్షణం విడిపోతే చాలు, మీరు వదిలేశారనే కంప్యూటర్ అనుకుంటుంది. నా మటుకు డబుల్ క్లిక్ కంటే ఈ జారిపోవడమే అసలు ఆనవాలు, ఎందుకంటే సెట్టింగుల తేడా వల్ల ఒక్క క్లిక్‌కే ఫోల్డర్ తెరుచుకోవచ్చు గానీ లాగుతుంటే వదిలేయడం జరగదు.

ఎందుకైనా మంచిది, ఆ సెట్టింగ్ కూడా ఒకసారి చూసేయండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫోల్డర్ ఆప్షన్స్ తెరిస్తే 'సింగిల్ క్లిక్ టు ఓపెన్', 'డబుల్ క్లిక్ టు ఓపెన్' అని రెండు ఉంటాయి, రెండోది ఉండాలి. ఆ తర్వాత కంప్యూటర్‌లో క్యాలిక్యులేటర్ తెరిచి, 7 అంకె మీద నెమ్మదిగా, ఒక్కో క్లిక్‌కి మధ్య సెకనుకి పైగా వ్యవధి ఇస్తూ, పదేసి సార్లు నొక్కండి. పది నొక్కుళ్ళకి పదకొండో పన్నెండో ఏడులు పడ్డాయంటే దొంగ దొరికినట్టే. ఇలా నాలుగైదు విడతలు చేయండి, ఎందుకంటే ఈ జబ్బు మొదట్లో అప్పుడప్పుడే కనపడుతుంది.

సీజన్ మధ్యలో ఉన్నారు కాబట్టి ముందు పని నడిచే దారి చెబుతాను. సెట్టింగ్స్‌లో మౌస్ దగ్గర 'ప్రైమరీ మౌస్ బటన్' అని ఉంటుంది, దాన్ని రైట్‌కి మార్చండి. కుడి బటన్‌ని మనం వాడేది చాలా తక్కువ, దాని స్విచ్చి ఇంకా గట్టిగానే ఉంటుంది. ఒకటి రెండు రోజులు చెయ్యి తడబడుతుంది, తర్వాత అలవాటైపోతుంది. డబుల్ క్లిక్ స్పీడు స్లైడర్ని వేగం వైపు జరిపినా పెద్దగా ఉపయోగం ఉండదు, ఈ దొంగ క్లిక్కులు అంతకంటే వేగంగా పడతాయి, పైగా లాగేటప్పుడు జారడం ఎలాగూ ఆగదు.

ఇక శాశ్వతంగా బాగుచేయాలంటే స్విచ్చి మార్చాలి. వారంటీ ఉంటే అసలు విప్పొద్దు, బిల్లు వెతకండి. మూడేళ్ళ వారంటీ ఇచ్చే కంపెనీలు కూడా ఉన్నాయి, డబుల్ క్లిక్ సమస్య కూడా వారంటీ కిందికే వస్తుంది. చాలామంది అడగనే అడగరు. వారంటీ అయిపోయిందంటే సెల్‌ఫోన్ రిపేర్ చేసే కుర్రాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి, టంకం పెట్టడం చేతనైన ఎవరికైనా ఇది పది పదిహేను నిమిషాల పని. మౌస్ స్క్రూలు బయటికి కనపడకపోతే కంగారుపడక్కర్లేదు, అడుగున ఉండే జారుడు ప్యాడ్ల కిందో స్టిక్కర్ కిందో ఉంటాయి. కొత్త స్విచ్చి దొరక్కపోతే ఇంట్లో పడి ఉన్న పాత మౌస్ కుడి బటన్ స్విచ్చి పీకి పెట్టించండి, ఎక్కువ మౌస్‌లలో కొలత ఒకటే. కోటి, రెండు కోట్ల నొక్కుళ్ళకు సరిపడేవి అంటూ స్విచ్చిలు రకరకాలుగా వస్తాయి, డీటీపీ పనికి రెండో రకమే వేయించండి. హైదరాబాద్ వైపు ఎవరైనా వస్తుంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లో అడగమనండి. కాంటాక్ట్ క్లీనర్ (ఎలక్ట్రానిక్ భాగాల మురికి వదిలించే ద్రవం) స్ప్రే కొడితే కొన్ని రోజులు బాగుంటుంది, మళ్ళీ మొదటికొస్తుంది. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె మాత్రం వేయొద్దు, దుమ్ము ఇంకా పట్టేస్తుంది.

కొత్తది కొనాలనే అనుకుంటే ఆప్టికల్ స్విచ్చి ఉన్నవి చూడండి. వాటిలో రేకు రేకుని తాకడం ఉండదు, ఒక కాంతి కిరణం తెగడం లేదా కలవడం మీద క్లిక్ పడుతుంది, అందుకని ఈ ఎగుళ్ళ గొడవ ఉండదు. కాస్త ఖరీదు ఎక్కువే, కానీ రోజంతా మౌస్ మీదే బతికే మీలాంటివాళ్ళకి ఆ డబ్బు వృథా కాదు.

ప్రశ్న: సార్, నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. బయటి హార్డ్‌డిస్క్ పెట్టి ఫైళ్ళు ఎక్కిస్తున్నంతసేపూ వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతుంది. హార్డ్‌డిస్క్ తీసేస్తే మామూలైపోతుంది. ర్యామ్ పెంచుకోమని షాపులో చెప్పారు. పెంచమంటారా?
(ఒక పాఠకుడు, అనకాపల్లి)

జవాబు: ఇప్పుడే వద్దు. మీరు చెప్పిన లక్షణం చదవగానే అనుమానం రిసీవర్ మీదికే వెళుతుంది. మీ మౌస్ రిసీవర్, వైఫై, బ్లూటూత్ ఇవన్నీ ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోని రేడియో తరంగాలతో మాట్లాడుకుంటాయి. యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ పనిచేసేటప్పుడు దాని నుంచి, కేబుల్ నుంచి, పోర్టు నుంచి ఆ ప్రాంతంలో కూడా రేడియో రొద పుడుతుంది. ఇది 2012లో ఇంటెల్ సంస్థే ఒక పత్రంలో వివరంగా రాసిన విషయం. హార్డ్‌డిస్క్ పక్క పోర్టులోనే గోరంత రిసీవర్ పెడితే మౌస్ మాట ఆ రొదలో దానికి వినపడదు.

రెండు మూడు అడుగుల యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఒకటి కొనండి, రిసీవర్ని దాని చివర పెట్టి మౌస్ దగ్గరికి, హార్డ్‌డిస్క్‌కి దూరంగా జరపండి. ల్యాప్‌టాప్ అయితే రిసీవర్ ఒక పక్క, హార్డ్‌డిస్క్ రెండో పక్క. డెస్క్‌టాప్ అయితే రిసీవర్ని నల్ల రంగు యూఎస్‌బీ 2.0 పోర్టులో పెట్టండి, నీలం రంగువి హార్డ్‌డిస్క్‌కి ఉంచండి. ఇంత చేశాక కూడా ఆగి ఆగి కదిలితే అప్పుడు ర్యామ్, ప్రాసెసర్ సంగతి చూడొచ్చు. ఒక గుర్తు పెట్టుకోండి, కంప్యూటర్ భారంతో ఆగుతుంటే వీడియో, గడియారం, టైపింగ్ అన్నీ నత్తనడక నడుస్తాయి, రిసీవర్ సమస్య అయితే మౌస్ ఒక్కటే తడబడుతుంది.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్ని. మా అబ్బాయి కొత్త టేబుల్ కొనిపెట్టాడు, పైన గాజు పలక. దాని మీద మౌస్ కదిలిస్తే బాణం గుర్తు కదలడం లేదు, లేదంటే ఎటో పోతోంది. మౌస్ పాడైందంటారా?
(ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: మాస్టారూ, మౌస్ బాగానే ఉంది. దాని పొట్ట కింద చిన్న దీపం, దాని పక్కన ఒక బుల్లి కెమెరా ఉంటాయి. ఆ కెమెరా కింది ఉపరితలాన్ని సెకనుకి వేలసార్లు ఫొటో తీసి, ముందు ఫొటోకి వెనక ఫొటోకి గీతలు, గరుకులు ఎంత జరిగాయో పోల్చి మీ చెయ్యి ఎటు కదిలిందో లెక్క కడుతుంది. గాజు మీద పోల్చడానికి గీతే లేదు, కాంతి కూడా అద్దంలోంచి కిందికి పోతుంది. కింద ఒక తెల్ల కాగితమో పాత నోటుపుస్తకం అట్టో పెట్టి చూడండి, వెంటనే తేడా తెలుస్తుంది. తర్వాత గుడ్డతో చేసిన మౌస్ ప్యాడ్ కొనుక్కోండి. నున్నగా మెరిసే గ్రానైట్ బండ మీద కూడా ఇదే ఇబ్బంది.

ప్యాడ్ మీద కూడా బాణం వణుకుతుంటే మౌస్ తిరగేసి ఆ కన్ను దగ్గర చూడండి, తరచుగా ఒక వెంట్రుక అడ్డుపడి ఉంటుంది. పొడి దూదిపుల్లతో తీసేస్తే సరి.

ప్రశ్న: మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ పెట్టినప్పుడల్లా మౌస్ గుర్తు దానంతట అదే గంతులేస్తోంది. ఎవరో హ్యాక్ చేశారని భయపడుతున్నాం. ల్యాప్‌టాప్ అంచు ముట్టుకుంటే చిన్నగా జిల్లుమంటోంది కూడా.
(ఒక గృహిణి, సిద్దిపేట)

జవాబు: అమ్మా, ఆ చివరి వాక్యం రాసి మంచి పని చేశారు, జవాబంతా అందులోనే ఉంది. మీకు ఎర్తింగ్ అందడం లేదు. టచ్‌ప్యాడ్ అనేది వేలి నుంచి వచ్చే అతి చిన్న విద్యుత్ మార్పుని పసిగట్టి పనిచేస్తుంది. ఛార్జర్‌కి ఎర్త్ లేకపోతే కొద్దిపాటి కరెంటు ల్యాప్‌టాప్ ఒంటి మీదికి చేరుతుంది, మీకు జిల్లుమన్నది అదే. దాంతో టచ్‌ప్యాడ్‌కి వేలేదో ఆ కరెంటేదో తెలియక గుర్తు గంతులేస్తుంది. ఛార్జర్ పీకేసి కాసేపు బ్యాటరీ మీద వాడి చూడండి, గంతులు ఆగిపోతే ఇక హ్యాకింగ్ మాట మర్చిపోండి.

మూడు పిన్నుల ఛార్జర్ని రెండు పిన్నుల కన్వర్టర్‌లో దూర్చి వాడుతున్నారేమో ముందు చూడండి, మన ఇళ్ళల్లో ఇది మామూలైపోయింది. నేరుగా మూడు పిన్నుల సాకెట్‌లో పెట్టినా జిల్లుమంటోందంటే ఆ సాకెట్‌కి ఎర్త్ వైరు లేదనో, వదులైందనో అర్థం. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఇల్లంతా చూపించండి. ల్యాప్‌టాప్ కోసమే కాదమ్మా, ఫ్రిజ్, గీజరు, వాషింగ్ మిషను కూడా అదే ఎర్తింగ్ మీద ఆధారపడి ఉన్నాయి, వాటి విషయంలో ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. దీన్ని వాయిదా వేయొద్దు.

హ్యాకింగ్ అనుమానం ఎప్పుడు రావాలో కూడా చెబుతాను. గంతులేయడం వేరు, ఎవరో కూర్చుని నడిపిస్తున్నట్టు గుర్తు నిదానంగా వెళ్ళి ఫైళ్ళు తెరవడం, బ్యాంకు పేజీ తెరవడం వేరు. అలా కనపడితే, అందులోనూ 'కస్టమర్ కేర్' అంటూ ఎవరో ఫోన్ చేసి స్క్రీన్ చూపించే యాప్ వేయించి ఉంటే, వెంటనే వైఫై ఆపేయండి. డబ్బు పోయిందనిపిస్తే 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ నేరాల సహాయ నంబరు. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ప్రశ్న: చక్రం కిందికి తిప్పితే పేజీ ఒక్కోసారి పైకి పోతోంది.
(ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: చక్రం ఎటు తిరిగిందో చెప్పే చిన్న భాగం, దాన్ని ఎన్‌కోడర్ అంటారు, దాని లోపల దుమ్ము చేరింది. మౌస్‌ని కంప్యూటర్ నుంచి తీసేసి, చక్రం పక్క సందుల్లోకి ఊదే బల్బుతో గాలి కొట్టండి, చక్రాన్ని వేగంగా అటూ ఇటూ బాగా తిప్పండి. చాలావాటికి ఇది చాలు. తగ్గకపోతే విప్పించి, ఎన్‌కోడర్‌లోకి కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క వేయించాలి. బాగా అరిగిపోయి ఉంటే అదీ పనిచేయదు, ఆ భాగం మార్చాల్సిందే.

ప్రశ్న: ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. జేఈఈ మెయిన్ మాక్ టెస్ట్ రాస్తుంటే మౌస్ ఆగిపోయింది, టైమంతా పోయింది. నిజం పరీక్షలో ఇలా అయితే ఏంటి పరిస్థితి? మౌస్ లేకుండా కంప్యూటర్ వాడటం ఎలా?
(ఒక విద్యార్థి, కర్నూలు)

జవాబు: బాబూ, ముందు పరీక్ష సంగతి. జేఈఈ మెయిన్‌లో కంప్యూటర్ గానీ మౌస్ గానీ మధ్యలో మొరాయిస్తే వెంటనే ఇంకో సిస్టమ్ ఇస్తారు, పోయిన సమయాన్ని సర్వర్‌లో సర్దుతారు. ఈ మాట ఆ పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏ విడుదల చేసే సమాచార పుస్తకంలోనే ఉంది, డౌన్‌లోడ్ చేసుకుని చదువుకో. నువ్వు చేయాల్సిందల్లా ఒకటే, మౌస్ తేడాగా ఉందనిపించిన క్షణంలోనే చెయ్యెత్తు. 'ఇంకో రెండు ప్రశ్నలు చూసి చెబుదాం, ఇన్విజిలేటర్ ఏమనుకుంటారో' అని మొహమాటపడొద్దు. ఆ పరీక్షలో అంకెల జవాబులు కూడా కీబోర్డుతో కొట్టనివ్వరు, తెర మీది అంకెల్ని మౌస్‌తోనే నొక్కాలి, కాబట్టి సగం పనిచేసే మౌస్‌తో మూడు గంటలు నెట్టుకురావడం నీకే నష్టం. పరీక్ష మొదలయ్యే ముందు సూచనలు చదవడానికి ఇచ్చే సమయంలోనే మౌస్ నాలుగు మూలలకీ కదిలించి, చక్రం తిప్పి చూసుకో. తేడా ఉంటే అప్పుడే చెప్పేయి.

ఇంట్లో అయితే ఇలా చెయ్యి. మౌస్ తీసి ఇంకో పోర్టులో పెట్టు. వైర్‌లెస్ అయితే అడుగున స్విచ్ ఆపి వేసి, బ్యాటరీ మార్చి చూడు. వైరు మౌస్ అయితే, వైరు మౌస్‌లోకి వెళ్ళే మొదట్లో పట్టుకుని కొంచెం అటూ ఇటూ వంచు. అలా వంచినప్పుడు ప్రాణం వచ్చి పోతుంటే, కంప్యూటర్ పదే పదే 'టుడుంగ్' అంటుంటే, లోపల తీగ తెగింది. కాసేపు వాడకుండా ఉంచాక మాత్రమే ఆగిపోతుంటే డివైస్ మేనేజర్‌లో మౌస్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ కింద, కరెంటు ఆదా కోసం దీన్ని ఆపేయొచ్చు అనే టిక్కు తీసేయి.

మౌస్ అసలే లేనప్పుడు ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ మూడూ కలిపి నొక్కు. 'మౌస్ కీస్' పెట్టమంటావా అని అడుగుతుంది, ఎంటర్ కొట్టు. ఇక కీబోర్డు కుడివైపు అంకెల్లో 8 పైకి, 2 కిందికి, 4 ఎడమకి, 6 కుడికి, 5 నొక్కితే క్లిక్. నిదానమే, కానీ తెరిచి ఉన్న పని సేవ్ చేసుకుని బయటపడటానికి చాలు. కుడివైపు అంకెలు లేని చిన్న ల్యాప్‌టాప్‌లో ఇది కుదరదు, వాటికి ఎలాగూ టచ్‌ప్యాడ్ ఉంటుంది.

ప్రశ్న: వేసవి సెలవులకి ఊరెళ్ళొచ్చేసరికి వైర్‌లెస్ మౌస్‌లో బ్యాటరీ కారి తెల్లటి పొడి పట్టింది. కొత్త బ్యాటరీ వేసినా పనిచేయడం లేదు. దానికి తోడు రిసీవర్ కూడా కనపడటం లేదు, వేరేది కొనొచ్చా?
(ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: కారింది ఆల్కలైన్ బ్యాటరీ అయితే దూదిపుల్లని నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో కొద్దిగా ముంచి ఆ పొడి పట్టిన స్ప్రింగుల మీద రుద్దండి, చిన్నగా నురగ వస్తుంది. తర్వాత స్పిరిట్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి. ఆ పొడి చేతికి, కళ్ళకి తగలకుండా చూసుకోండి. స్ప్రింగు ఇంకా నల్లగా ఉంటే మెత్తటి గరుకు కాగితంతో మెరుపు వచ్చేదాకా గీకండి. స్ప్రింగు తినేసి తెగిపోయి ఉంటే ఇక ఆశ వదులుకోవాలి.

రిసీవర్ కోసం ముందు మౌస్ బ్యాటరీ మూత కిందే చూడండి, చాలావాటికి అక్కడ దాన్ని దాచే గాడి ఉంటుంది, ఊరెళ్ళేటప్పుడు మీరే పెట్టి ఉండొచ్చు. నిజంగా పోయిందంటే ఏదో ఒక రిసీవర్ కొంటే పనిచేయదు, మౌస్‌ని, రిసీవర్‌ని ఫ్యాక్టరీలోనే జత చేస్తారు. మినహాయింపు కొన్నింటికే ఉంది. లాజిటెక్ వాటిలో నారింజ రంగు నక్షత్రంలాంటి గుర్తు ఉంటే అది 'యూనిఫైయింగ్' రకం, ఆ గుర్తున్న రిసీవర్ విడిగా కొని కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో జత చేసుకోవచ్చు, ఒక్కదానికి ఆరు పరికరాల దాకా కలుస్తాయి. మౌస్ మీద ఆ గుర్తు లేక, బ్లూటూత్ కూడా లేకపోతే రిసీవర్ కోసం తిరగకండి, ఆ డబ్బుకి ఇంకొంచెం వేసి కొత్త మౌస్ కొనుక్కోండి, ఈసారి బ్లూటూత్ కూడా ఉన్నది తీసుకోండి.